కోర్సు ఎత్తేస్తారన్న మాట వినగానే ఏం చూడాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నిధుల కోత గురించి, మూతపడుతున్న కోర్సుల గురించి అడిగినవే. వాటిలో చెన్నై పాఠకులు రాసిన నాలుగింటిని కుదించి, సమాధానాలతో ఇస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడే ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తిచేసి, అమెరికాలో ఒక రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తోంది. ఇప్పుడు మూడో సంవత్సరం. బడ్జెట్‌లో లోటు వచ్చిందని, వాళ్ల పీహెచ్‌డీ కోర్సును ఎత్తేస్తున్నామని విశ్వవిద్యాలయం వారు చెప్పారట. పిల్ల ఫోనులో ధైర్యంగానే మాట్లాడుతోంది గాని, నాకు నిద్ర పట్టడం లేదు. స్టైపెండు ఆగిపోతుందా? వీసా ఏమవుతుంది? చదువు మధ్యలో వదిలి వచ్చేయాల్సిందేనా?
– ఒక తల్లి, విల్లివాక్కం

జవాబు: వదిలి రావలసిన అవసరం లేదమ్మా. అమెరికాలో ఒక కోర్సును రద్దు చేస్తున్నామని ప్రకటించారంటే, ఇకమీదట కొత్తవాళ్లను చేర్చుకోరని సాధారణంగా అర్థం. అప్పటికే చేరినవాళ్లు చదువు పూర్తిచేసుకోవడానికి ఏ ఏర్పాటు చేస్తున్నారో విశ్వవిద్యాలయం రాతపూర్వకంగా చూపాలని అక్కడి గుర్తింపు సంస్థలు నియమం పెట్టాయి. దానిని టీచ్-అవుట్ ప్రణాళిక అంటారు. మీ అమ్మాయి ముందుగా అడిగి తీసుకోవలసిన కాగితం అదే. ఏ సంవత్సరం దాకా గడువు ఇచ్చారు, మిగిలిన పాఠాలు ఎవరు చెబుతారు, సిద్ధాంత గ్రంథాన్ని పరిశీలించే కమిటీలో ఎవరుంటారు అన్న మూడు సంగతులూ అందులో స్పష్టంగా ఉండాలి.

అసలు చిక్కు గైడు విషయంలో వస్తుంది. కోర్సు పోతుందని తెలిసిన రోజు నుంచే ఆచార్యులు వేరే చోట్లకు దరఖాస్తులు పెట్టుకోవడం మొదలుపెడతారు. వారిని తప్పుపట్టడానికి కూడా లేదు. విశ్వవిద్యాలయం గడువు ఎంత ఇచ్చినా, గైడు వెళ్లిపోతే పరిశోధన కుంటుపడుతుంది. అందువల్ల "మీరు వెళ్లేటట్టయితే నన్ను వెంట తీసుకువెళ్లే వీలుందా? లేదంటే ఇక్కడ నా బాధ్యత ఎవరు తీసుకుంటారు?" అని ఆయననో ఆమెనో ఇప్పుడే అడగాలి. గురువుగారిని అలా అడగడానికి మన పిల్లలు మొహమాటపడతారు. అక్కడ అది మామూలు ప్రశ్నే. గైడు మారిన విశ్వవిద్యాలయానికి విద్యార్థులు కూడా మారడం తరచుగా జరిగేదే.

స్టైపెండు సంగతి. ఆమెది టీచింగ్ అసిస్టెంటు పని అయితే, ఇంజినీరింగ్ విద్యార్థులకు మొదటి సంవత్సరం ఫిజిక్స్ ఎవరో ఒకరు చెప్పక తప్పదు కాబట్టి, ఆ పని ఒక్కసారిగా పోదు. గైడుకు వచ్చిన పరిశోధన నిధుల నుంచి జీతం వస్తుంటే మాత్రం ఆ నిధులు గైడుతోపాటే వెళ్లిపోవచ్చు. ఎలాంటిదైనా సరే, ఎన్ని సెమిస్టర్లకు హామీ ఇస్తున్నారో ఉత్తరంలో రాయించుకోవాలి. నోటిమాట చాలదు.

వీసా విషయంలో ఒక్క జాగ్రత్త తప్పనిసరి. విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసా మీద ఉన్నవారి హోదా, విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రంలో రాసిన కోర్సుతోనూ, పూర్తికాలం చదువుతోనూ ముడిపడి ఉంటుంది. కోర్సు మారినా, విశ్వవిద్యాలయం మారినా ముందుగా అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి చెప్పి, రికార్డు మార్పించుకున్న తర్వాతే పాత చోట మానాలి. అనుమతి తీసుకుని మానేసినవారికి దేశం విడిచి వెళ్లడానికి 15 రోజులే గడువు ఉంటుంది. చదువు పూర్తిచేసినవారికి ఇచ్చే 60 రోజులు వారికి వర్తించవు. కొత్త కోర్సు స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉందో లేదో కూడా చూసుకోవాలి, ఎందుకంటే చదువు అయ్యాక ఉద్యోగ శిక్షణకు మామూలుగా దొరికే 12 నెలలకు తోడు మరో 24 నెలలు ఆ జాబితాలోని కోర్సులకే ఇస్తారు. ఫిజిక్స్ అందులో ఉంది. తొందరలో పక్క శాఖలోకి మారితే అది పోగొట్టుకోవచ్చు.

ఇది మీ అమ్మాయి ఒక్కదానికి వచ్చిన కష్టం కాదని చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. 2023 సెప్టెంబరు 15న వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం పాలకమండలి, సుమారు 4.5 కోట్ల డాలర్ల లోటు చూపి, 28 కోర్సులనూ 143 అధ్యాపక పోస్టులనూ తీసేయడానికి ఓటు వేసింది. పోయినవాటిలో విదేశీ భాషల డిగ్రీలే కాక, గణితంలో ఎం.ఎస్., పీహెచ్‌డీ కూడా ఉన్నాయి. 2025 డిసెంబరులో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం లింకన్ ప్రాంగణంలో ఎత్తేయాలని నిర్ణయించిన నాలుగింటిలో స్టాటిస్టిక్స్ ఒకటి. కాబట్టి ఆమె ప్రతిభకూ దీనికీ సంబంధం లేదని మీరు నమ్మండి, ఆమెకూ చెప్పండి.

ప్రశ్న: నేను చెన్నైలో బీఏ పూర్తిచేశాను. నగరంలోని ఒక ప్రభుత్వ విద్యాసంస్థలో ఎంఏ తెలుగు చేద్దామని ఉంది. అక్కడ శాశ్వత అధ్యాపకులు దాదాపు ఎవరూ మిగల్లేదని, రేపో మాపో మూసేస్తారని, చేరవద్దని బంధువులు అంటున్నారు. మూసేస్తున్నట్టు ఉత్తర్వు ఏదీ రాలేదు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక విద్యార్థిని, కొరుక్కుపేట

జవాబు: చేరమనే నా సలహా. అయితే విచారించుకుని చేరండి. ఉత్తర్వు రాలేదు కదా అన్న ధీమా మాత్రం వద్దు.

అమెరికాలో కోర్సును మూసేటప్పుడు మండలి సమావేశమై, ఓటు వేసి, జాబితా ప్రకటిస్తుంది. మనకు అలాంటి ప్రకటన వినిపించడం అరుదు. ఇక్కడ ఒక ఆచార్యులు పదవీ విరమణ చేస్తారు, ఆ పోస్టు భర్తీ కాదు. కొన్నేళ్లకు మరొకరు వెళతారు, అదీ భర్తీ కాదు. వారి చోట గెస్ట్ లెక్చరర్లు వస్తారు. వాళ్లు ఎంత బాగా చెప్పినా, పీహెచ్‌డీ విద్యార్థులకు గైడుగా ఉండే అర్హత శాశ్వత ఉద్యోగులకే గనుక పరిశోధన ఆగిపోతుంది. పరిశోధనకు అవకాశం లేని చోట ఎంఏకి చేరేవారు తగ్గుతారు. ఆపైన, చేరేవారు లేరు కాబట్టి ఈ ఏడాది అడ్మిషన్లు లేవు అని ఒక ముక్క నోటీసు బోర్డు మీద కనబడుతుంది. ఇంతసేపట్లో ఎవరూ ఎక్కడా ఒక కోర్సును రద్దు చేసినట్టు సంతకం పెట్టి ఉండరు. అందుకే మీరు చూడవలసింది పోస్టులను. మంజూరైనవి ఎన్ని, నిండినవి ఎన్ని, ఉన్నవారు ఏ సంవత్సరంలో రిటైరవుతారు, ఆఖరుసారి నియామక ప్రకటన ఎప్పుడు వచ్చింది అన్న నాలుగు సంగతులు తెలిస్తే, ఆ శాఖకు ఎంత ఆయుష్షు ఉందో మీకే తెలిసిపోతుంది.

ఈ పరిస్థితి ఎలా వచ్చిందో మద్రాసు విశ్వవిద్యాలయం ఉదాహరణతో చెబుతాను, ఎందుకంటే మన భాషకు ఆ ప్రాంగణంతో చాలా పాత చుట్టరికం ఉంది. 1857లో పుట్టిన ఆ విశ్వవిద్యాలయం పరిధిలోనే, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడేదాకా, తెలుగు జిల్లాల కళాశాలలన్నీ ఉండేవి. 1927లో నెలకొల్పిన ప్రాచ్య పరిశోధన సంస్థలో తెలుగు శాఖ ఉంది. కోరాడ రామకృష్ణయ్యగారు, నిడదవోలు వెంకటరావుగారు వంటి పండితులు పనిచేసిన చోటు అది. అంతటి సంస్థకు ఆదాయం ప్రధానంగా అనుబంధ కళాశాలల నుంచి వచ్చే రుసుములు, పరీక్ష ఫీజులు, దూరవిద్య, రాష్ట్ర ప్రభుత్వ గ్రాంటు. 1971లో వ్యవసాయ విద్య, 1978లో అన్నా విశ్వవిద్యాలయంతో ఇంజినీరింగ్, 1982లో కోయంబత్తూరు, తిరుచ్చి ప్రాంతాలు, 2002లో వేలూరు ప్రాంతం వేరుపడ్డాయి. ఆ విభజనలకు వేటి కారణాలు వాటికి ఉన్నాయి, వాటిని నేను తప్పనడం లేదు. కాని విడిపోయిన ప్రతిసారీ ఫీజుల రాబడి తగ్గింది. పింఛన్ల భారం మాత్రం పాత ఇంటి మీదే మిగిలింది. 2016 నుంచి వర్తించిన కొత్త వేతనాల వల్ల పడిన అదనపు ఖర్చులో సగం కేంద్రం భరించే ఏర్పాటు 2019 మార్చితో ముగిసింది. ఆ తర్వాత ఆ బరువంతా రాష్ట్రాల మీద, విశ్వవిద్యాలయాల మీద పడింది.

ఇందులో నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది 2024 తొలి నెలల్లో జరిగిన సంగతి. 424 కోట్ల రూపాయల పన్ను బకాయి ఉందంటూ ఆదాయపు పన్ను శాఖ మద్రాసు విశ్వవిద్యాలయం బ్యాంకు ఖాతాలను స్తంభింపజేసింది. ప్రభుత్వ నిధులతోనే ప్రధానంగా నడిచే విద్యాసంస్థకు పన్ను మినహాయింపు ఉంది. ప్రధానంగా అంటే ఎంత? మొత్తం రాబడిలో సగానికి మించి ప్రభుత్వమే ఇచ్చి ఉండాలని నిబంధన. ఆడిట్ అభ్యంతరాలతో రాష్ట్ర గ్రాంటు తగ్గుతూ, సంస్థ సొంతంగా సంపాదించుకున్న ఫీజుల వాటా పెరిగేసరికి, ఆ లెక్క తలకిందులైంది. ప్రభుత్వం తక్కువ ఇచ్చినందుకు, ఆ తక్కువ ఇవ్వడాన్నే ఆధారంగా చూపి, పన్ను కట్టమని ప్రభుత్వ శాఖే అడిగినట్టయింది. 2023 ఆగస్టులో పదవీకాలం ముగిసిన ఉపకులపతి స్థానం, గవర్నరుకూ రాష్ట్ర ప్రభుత్వానికీ మధ్య వివాదంలో ఏడాదికి పైగా ఖాళీగా ఉండిపోయింది. అధ్యాపకుల ఎంపిక కమిటీకి ఉపకులపతే అధ్యక్షులు. అధ్యక్షులు లేని కమిటీ ఎవరిని ఎంపిక చేస్తుంది?

తెలుగుకు దీనికి తోడు మరో దెబ్బ కింది తరగతుల్లో తగిలింది. 2006లో తమిళనాడు ప్రభుత్వం చేసిన చట్టం ప్రకారం తమిళం ఒకటో తరగతి నుంచి క్రమంగా తప్పనిసరి అయింది. 2015–16 నాటికి అది పదో తరగతికి చేరింది. తమిళం నేర్చుకోవడం ఇక్కడ బతికే ప్రతి ఒక్కరికీ అవసరమే, అందులో వాదించేదేమీ లేదు. కాని తమ మాతృభాషలో పరీక్ష రాయడానికి మైనారిటీ విద్యార్థులు కోర్టుల దాకా వెళ్లి మినహాయింపులు తెచ్చుకోవలసి వచ్చింది. బడిలో తెలుగు చదివేవారు తగ్గితే కళాశాలలో తగ్గుతారు, కళాశాలలో తగ్గితే ఎంఏలో తగ్గుతారు. పై అంతస్తులో విద్యార్థులు లేరని చూపే అంకెలకు మూలం కింద ఉంది.

ఇక మీ విషయం. అడిగిన నాలుగు వివరాల్లో కనీసం ఒక్కరైనా మీ రెండేళ్లూ దాటి ఉండే శాశ్వత అధ్యాపకులని తేలితే నిశ్చింతగా చేరండి. చేరిన బ్యాచ్‌కు పరీక్షలు పెట్టి పట్టా ఇవ్వడం విశ్వవిద్యాలయం బాధ్యత. అరియర్లు (తప్పిన పేపర్లు) మిగలకుండా చూసుకోండి. కోర్సు ఆగిన తర్వాత అరియర్ పరీక్షలు కొన్నాళ్లే పెడతారు. సిలబస్ ప్రతిని మొదటి ఏడాదే ముద్ర వేయించి దాచుకోండి. రేపు పీహెచ్‌డీకి హైదరాబాదో తిరుపతో వెళితే ఏం చదివారో చూపడానికి అది పనికొస్తుంది.

ప్రశ్న: ఐదారుగురు విద్యార్థుల కోసం లక్షల జీతాలిచ్చి ఒక శాఖను నడపడం పన్ను కట్టేవారికి న్యాయమేనా? ప్రైవేటు సంస్థ అయితే ఎప్పుడో మూసేసి ఉండేది. విద్యార్థులు రాని కోర్సును మూయడంలో తప్పేముంది?
– ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, టి. నగర్

జవాబు: అడగవలసిన ప్రశ్నే. ప్రజల సొమ్ముకు లెక్క చెప్పాలి. కాగితం మీద తప్ప ఎక్కడా లేని కోర్సులు ఉన్నాయి, వాటిని తీసేయడం మంచిదే. అమెరికాలో ఇండియానా రాష్ట్రం 2025లో ఒక చట్టం చేసి, మూడేళ్ల సగటున ఏడాదికి కనీసం ఇంతమంది పట్టా పొందాలని హద్దు పెట్టింది. బ్యాచిలర్ డిగ్రీకి 15 మంది, మాస్టర్స్‌కు ఏడుగురు, పీహెచ్‌డీకి ముగ్గురు. దానితో అక్కడి ప్రభుత్వ విద్యాసంస్థలు 400కు పైగా కోర్సులను ఎత్తేయడమో, నిలిపేయడమో, కలిపేయడమో చేశాయి. వాటిలో ఒక్కరు కూడా లేనివి ఉన్నాయి, వాటి గురించి ఎవరూ కన్నీరు పెట్టనక్కరలేదు.

కాని పట్టాలు లెక్కపెట్టే పద్ధతిలోనే ఒక లోపం ఉందండీ. ఒక శాఖ చేసే పనిలో సొంత విద్యార్థులకు చెప్పేది ఒక భాగమే. తెలుగు శాఖ ఆచార్యులు ఇతర డిగ్రీల వారికి రెండో భాష చెబుతారు, కళాశాలల పరీక్ష పత్రాలు తయారుచేస్తారు, పాఠ్యగ్రంథాలు నిర్ణయిస్తారు, బడుల్లో తెలుగు చెప్పబోయేవారిని తయారుచేస్తారు. ఇవేవీ శాఖ పట్టాల లెక్కలోకి రావు. మీరు బ్యాంకులో పనిచేసినవారు కాబట్టి ఖర్చు వైపు కూడా చూడండి. శాఖను మూసినా శాశ్వత ఉద్యోగుల జీతం ఆగదు, వారిని మరోచోట సర్దుతారు. ప్రయోగశాల లేదు, యంత్రాలు లేవు, పుస్తకాలు ఎప్పుడో కొన్నవి. మిగిలేది చాలా కొంచెం. అసలు ఆదా రిటైరైనవారి చోటు నింపకపోవడంలోనే ఉంది, అది మూసివేత ప్రకటించకుండానే జరిగిపోతోంది. అమెరికాలోనూ ఇలాంటిదే చూశాం. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం స్టీవెన్స్ పాయింట్ ప్రాంగణం 2018లో ఇంగ్లీషు, చరిత్ర సహా 13 మేజర్లు (ప్రధాన విషయంగా చదివే డిగ్రీ కోర్సులు) తీసేస్తామని ప్రతిపాదించింది. గట్టి వ్యతిరేకత వచ్చాక వాటిని ఆరుకు తగ్గించి, 2019లో ఆ ప్రతిపాదనను పూర్తిగా విరమించుకుంది. ఉద్యోగ విరమణలతో, వదిలి వెళ్లినవారితో లెక్క సరిపోయింది మరి.

పోయేది ఏమిటో దగ్గరగా చూడమంటే, తాళపత్రం చదవడం ఒక్కటే చెబుతాను. కల్నల్ మెకంజీ, సి.పి. బ్రౌన్ సేకరించిన తెలుగు ప్రతులు మన చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. తాటాకు మీద గంటంతో గీసిన అక్షరం మొదట కంటికి ఆనదు. మసి పూసి తుడిస్తే గీతల్లో నలుపు నిలిచి అక్షరం కనబడుతుంది. కనబడినంత మాత్రాన చదవలేం. పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఉండదు. పద్యాన్ని పాదాలుగా విడగొట్టి రాయరు, ఆకు చివరిదాకా వరసగా సాగిపోతుంది; గణాలూ యతీ ప్రాసా తెలిసినవారికే పాదం ఎక్కడ విరిగిందో తెలుస్తుంది. ఇప్పుడు వాడుకలో లేని వలపలగిలక (హల్లుకు ముందు పలికే రకారాన్ని చూపే గుర్తు) అడుగడుగునా తగులుతుంది. లేఖకుడు చేసిన తప్పేదో, కవి ప్రయోగమేదో తేల్చాలంటే మరో రెండు మూడు ప్రతులు పక్కన పెట్టుకోవాలి. ఇది పుస్తకం చూసి ఒంటరిగా నేర్చుకునే విద్య కాదు. తెలిసినవారి పక్కన కూర్చుని నేర్చుకోవాలి. ఆ తెలిసినవారు రిటైరయ్యేలోగా వారి పక్కన ఇద్దరు కూర్చోకపోతే, తర్వాత పదేళ్లకు ఎంత నిధి మంజూరు చేసినా చెప్పడానికి మనిషి దొరకడు. ప్రైవేటు సంస్థ ఈ పని చేయదు, చేయమని మనం అడగనూ లేం. ప్రభుత్వ విశ్వవిద్యాలయం పెట్టుకున్నది ఇలాంటి వాటికోసమే.

మీరు న్యాయం గురించి అడిగారు కాబట్టి ఇంకొక్క మాట. నిధుల్లేకుండా కొత్త విశ్వవిద్యాలయాలు ప్రకటించడం కూడా పన్ను కట్టేవారికి అన్యాయమే. పొరుగున కర్ణాటకలో కొద్ది ఏళ్ల కిందట పెట్టిన పదింటిలో తొమ్మిదింటిని కొనసాగించలేమని 2025 ఫిబ్రవరిలో మంత్రివర్గ ఉపసంఘం అభిప్రాయపడింది. భవనాలు, సిబ్బంది సరిగా ఏర్పడకముందే వాటిలో చేరిన పిల్లలను ఇప్పుడు ఏం చేయాలన్నది సమస్య అయింది. ఉన్నవాటిలో పోస్టులు నింపకుండా కొత్త బోర్డులు కట్టే అలవాటును మీలాంటివారు గట్టిగా ప్రశ్నించాలి.

ప్రశ్న: మా అబ్బాయి చదువుతున్న కోర్సు వచ్చే ఏడాది ఉండదని వదంతి. ఆఫీసులో అడిగితే ఎవరూ తిన్నగా చెప్పడం లేదు. తల్లిదండ్రులుగా మేము ఎవరిని అడగాలి?
– ఒక తండ్రి, పెరంబూరు

జవాబు: సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలన్నీ దాని పరిధిలోకి వస్తాయి. రుసుము 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే అదే సంస్థలోని అప్పీలు అధికారికి రాయవచ్చు. దరఖాస్తు తమిళంలో గాని ఇంగ్లీషులో గాని హిందీలో గాని ఉండాలి. "కోర్సు మూసేస్తారా?" అని అడగకండి, ఎందుకంటే అభిప్రాయం చెప్పే బాధ్యత వారికి లేదు. కాగితాలు అడగండి: ఆ శాఖలో మంజూరైన పోస్టులు, ఖాళీగా ఉన్నవి, ఆఖరి నియామక ప్రకటన తేదీ, ఈ కోర్సు ప్రస్తావన వచ్చిన అకడమిక్ కౌన్సిల్, సిండికేట్ సమావేశాల మినిట్స్. కోర్సును అధికారికంగా ఆపే నిర్ణయం ఏదైనా జరిగి ఉంటే సాధారణంగా అక్కడే నమోదవుతుంది.

మద్రాసు విశ్వవిద్యాలయం పట్టభద్రులు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే, వారు పట్టభద్రుల జాబితాలో పేరు నమోదు చేయించుకోవచ్చు. సెనేట్‌కు కొందరు సభ్యులను ఎన్నుకునేది ఆ జాబితాలోనివారే, బడ్జెట్ మీద చర్చ జరిగేది సెనేట్‌లోనే. కోర్సు మైనారిటీ భాషకు సంబంధించినది అయితే, రాజ్యాంగం 350-బి అధికరణం కింద నియమితులయ్యే భాషాపర మైనారిటీల కమిషనర్‌కు కూడా ఒక ప్రతి పంపండి.

దరఖాస్తును ఒక్కరే కాకుండా, అదే తరగతి పిల్లల తల్లిదండ్రులు నలుగురైదుగురు విడివిడిగా పెడితే మేలు. వచ్చిన జవాబు నకలు మాకూ పంపితే, పేర్లు లేకుండా ఈ శీర్షికలో ప్రచురిస్తాం.